తాడు ముడితే తంటా

బలవంతాన యంత్రాన్ని లేపేవాణ్ణి చూస్తే యల్లమందకు ఒళ్ళు మండుతుంది. తనకు జరిగే అన్యాయం మాత్రం ఆయన కంటికి ఆనదు. పోయిన వరదల్లో రెంటచింతల అవతల పాపాయి రేవులో ఇంజను పడవ లంకలో చిక్కుకున్న గొర్రెలకాపరులను ఒడ్డుకు చేర్చింది. నడుంలోతు నీళ్ళలో నిలబడి ఆ ఇంజన్ను బాగుచేసింది యల్లమంద. దండ పడింది రేవు వేలంపాట పాడుకున్న బాబూరావు మెడలో. ఫొటోలో యల్లమందది మోచెయ్యి ఒక్కటే వచ్చింది. ఆయన భార్య గురవమ్మ ఆ ఫొటో గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు నూరుతుంది. ఆయనేమో, "బంతిపూల దండ వేసుకుంటే మెడంతా చీమలు పాకుతయ్యే" అని తేల్చేశాడు.

అదే ఒకడు రేడియో నెత్తిన ఒక్కటేస్తే? బావమరిది అట్లా కొట్టినందుకు వాళ్ళింట్లో విస్తరి ముందునుంచి లేచొచ్చిన మనిషి ఆయన. చుట్టాలు కూర బాగాలేదేమోనని రెండు రోజులు బాధపడ్డారు. భార్యతో పెళ్ళికి పోతుంటే కారంపూడిలో బస్సు మొరాయించి, ఆడామగా అందరూ దిగి నెట్టమని డ్రైవరు కేక వేస్తే, యల్లమంద చేతులు చాపి బస్సు ముందు నిలబడ్డాడు. దానికి ఏం జబ్బో కనుక్కోకుండా వెనకనుంచి తోస్తే బాగవుతుందా అని నిలదీశాడు. బస్సు బాగయ్యేసరికి వీళ్ళు వెళ్ళాల్సిన పెళ్ళిలో అప్పగింతలు కూడా అయిపోయాయి. గురవమ్మ వారం రోజులు మాట్లాడలేదు.

మొగుడు పోయినప్పటినుంచీ పాపాయి రేవులో పడవ నడిపేది ఎస్తేరు. ఆ ఇంజనుకు మీట నొక్కితే తిరిగే స్టార్టరు మోటారు ఉండేది. వరద నీళ్ళు తాగి అది తుప్పు ముద్దయింది. బాబూరావు దాన్ని బాగుచేయించకుండా తాడుతో లాగి లేపమన్నాడు. ఒకనాడు తాడు వెనక్కి గుంజింది. ఎస్తేరు కుడిభుజం జారిపోయింది. కట్టు కట్టించుకుని వస్తే, ఒక్క పూట కూడా సెలవివ్వని ఆ పెద్దమనిషి, తాడు లాగలేని ఆడదానికి పడవెందుకన్నాడు. తొలకరికల్లా ఆమె చేత్తో ఇంజను లేవకపోతే తన బావమరిది మస్తాన్‌రావు ఎక్కుతాడన్నాడు. రేవులో దాటే జనమంతా విన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

యల్లమంద మాత్రం విప్పాడు, అదీ ఎస్తేరు మీదే.

"నువ్వు మళ్ళీ ఆ తాడు ముట్టుకున్నావంటే ఊరుకోనమ్మాయ్. ఇంజను పాడైద్ది."

"నా భుజం పోయింది బాబాయ్."

"భుజం సంగతి ఆసుపత్రోళ్ళు చూసుకుంటారు. ఇంజను ఎవురు చూస్తారు?"

పక్కనే ఉన్న గురవమ్మకు అక్కడే ఆయన్ను ఏట్లోకి తోసేయాలనిపించింది.

స్టార్టరు ఇంటికొచ్చింది. దాన్ని నానబెట్టడానికి గురవమ్మ పప్పు గిన్నె, రేషను కిరసనాయిలు పోయాయి. బోల్టు రాకపోతే ఆయన సుత్తి అందుకోలేదు. దాని ముందు గొంతుక్కూర్చుని, "రావే, రావే" అని బతిమాలాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనతో ఒక్కసారి అట్లా మాట్లాడాడా అని గురవమ్మ ఆలోచించింది. పొడి పొడిగా రాలే తుప్పును ఉప్పుకాగితంతో రుద్దాడు. లోపల పట్టేసిన కార్బను బ్రష్షులను గోటితో కదిలించాడు.

తీగచుట్టలోని తడి ఆరాలి. అందుకు పట్నంలో పొయ్యిలుంటాయట. పల్నాట్లో నాపబండ, దాని మీద ఎండ ఉన్నాయి. గురవమ్మ మిరపకాయలు ఆరబోసిన బండ మీదే, కాయలు పక్కకు నెట్టి ఆ తీగచుట్టను, అదే ఆర్మేచరును, పెట్టాడు. గంటకోసారి దాన్ని తిప్పడం, తుమ్మడం. కోళ్ళొచ్చి కాయల్ని కెలికినా పలకడు, ఆర్మేచరు వైపు అడుగేస్తే కర్ర తీస్తాడు.

"ఏమయ్యా, తాడుందిగా. మస్తాన్‌రావు కండలున్నోడు, లాగుతాడు. నీకెందుకీ గోల?" అంది గురవమ్మ.

"తాడు లేదు. గేదెకు కట్టా."

యల్లమంద స్టార్టరును పడవకు బిగించాక, తొలకరికి ముందు పరీక్ష పెట్టారు. ఒడ్డునిండా జనం. బాబూరావు కొత్త కండువాతో వచ్చి, బావమరిదిని పడవెక్కించాడు. మస్తాన్‌రావు కూర్చుని కుడిచేత్తో మీట కోసం అంతా తడిమాడు. అది ఎడమ పక్కన, కిందుగా ఉంది.

"అటెందుకు పెట్టావురా? తాగి పెట్టావా?" అన్నాడు బాబూరావు.

మస్తాన్‌రావు వంకరగా వంగి నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. విసుగొచ్చి పానా ఎత్తి స్టార్టరు మీద వెయ్యబోతే, యల్లమంద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"తాడు తెండ్రా," అన్నాడు బాబూరావు.

"గేదె మెడలో ఉందండి."

"గేదె ఏది?"

"అవతలొడ్డున మేస్తంది. తెమ్మంటే తెస్తా. పడవ కావాల."

ఒడ్డంతా నవ్వింది. మస్తాన్‌రావు పానా పడేసి దిగాడు. యల్లమంద పడవలోకి వంగి, ఊడి ఉన్న బ్యాటరీ తీగ బిగించాడు. అదెట్లా ఊడిందో ఆయన చెప్పలేదు, గురవమ్మ అడగలేదు.

"ఎక్కమ్మాయ్."

ఎస్తేరు ఎక్కి కూర్చుంది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచెయ్యి కిందికి జారిన చోటే మీట ఉంది. నొక్కింది. స్టార్టరు గిర్రుమంది, ఇంజను లేచింది.

మీట అటెందుకుందో గురవమ్మకు అప్పుడు అర్థమైంది. దాంతోపాటు కారంపూడి బస్సు కూడా గుర్తొచ్చింది. దిగి నెట్టమన్నవాళ్ళలో తనూ ఉంది, ఆరోనెల కడుపుతో. పెళ్ళి తప్పిన కోపంలో ఆ సంగతే మరిచిపోయింది. అందుకేనా ఆనాడు అడ్డం నిలబడ్డావని ఆయన్ను అడిగింది. "నాకేం గుర్తులేదు, ఆ బస్సుకు పంపు పోయింది," అన్నాడు.

బాబూరావు పడవ ఎస్తేరుకే వదిలాడు, అదీ ఈ పాట గడువు దాకా. ఉగాది వెళ్ళాక పంచాయతీ ఆఫీసు ముందు మళ్ళీ రేవు పాట. పాట ఎవరు పాడుకున్నా పడవ నడిపేది ఎస్తేరేనని షరతు రాయించాలి. ఆ రేవు దాటి పొలాలకూ సంతలకూ పోయే మీరే ఆనాడు వచ్చి నిలబడాలి. మొన్న ఒడ్డున నవ్వినవాళ్ళు ఈసారి నోరు కూడా విప్పాలి. దారిలో బస్సు మొరాయిస్తే దిగి నెట్టకండి, యల్లమంద అదే బస్సులో ఉండొచ్చు. ఆయనతో పెట్టుకుంటే పాట అయిపోయాక చేరతారు.