బలద్‌లో రెండు బంగారు కుర్చీలు

పనిమీద జెద్దా వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం అక్కడి పాతబస్తీ బలద్ సందుల్లో తిరుగుతూ పాత ఫర్నిచర్ దుకాణం ముందు ఆగిపోయాను. లోపల బంగారు పూత పూసిన రెండు ఫ్రెంచి కుర్చీలు పక్కపక్కన ఉన్నాయి. చెక్కిన కాళ్లు, ఎర్రటి మఖమల్. మా పెళ్లి రిసెప్షన్‌కి టెంట్‌హౌస్ వాళ్లు తెచ్చినవి వీటి నకళ్లేనని అప్పుడే తెలిసింది.

ఫోన్లో నేను మాట్లాడుతున్న తెలుగు విని, కుర్చీకి గుడ్డ బిగిస్తున్నతను తలెత్తాడు. రాజన్న, జగిత్యాల.

"రాండ్రి సార్, కూసోండ్రి. మా కఫీల్ సేటు గహ్వా కాఫీ తాగి పొమ్మంటుండు."

రిసెప్షన్‌లో లాగే ఎడమది వదిలేసి, కుడివైపు కుర్చీలో కూర్చున్నాను. యజమాని, తెల్లగడ్డం పెద్దాయన, ఆ రెండోది చూపించి అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏసీ గాలి అటు మంచిగొస్తదట సార్. అండ్ల కూసోమంటుండు."

"అది మా ఆవిడది" అనేశాను.

రాజన్న నవ్వుతూ ఆ మాట ఆయనకు చెప్పేశాడు. ఆయన నవ్వలేదు. నాకు గహ్వా పోసిచ్చి, తన కప్పుతో ఖాళీ కుర్చీని దాటి వెళ్లి, కింద తివాచీ మీద కూర్చున్నాడు. నేను లేవబోతే చేత్తో వారించాడు.

"ఆడమనిషి జాగ అన్నరు గద సార్. ఇగ ఆయన కూసోడు" అన్నాడు రాజన్న మెల్లగా.

ఇంటికి ఫోన్ చేసి చెబితే మా ఆవిడ మండిపడింది. "పెద్దాయన్ని కింద కూర్చోబెట్టి మీరు కుర్చీలో కూర్చున్నారా?" అంతలోనే, "ఇంతకీ నా కుర్చీ మెత్తగా ఉందా?" అంది.

అందులో ఎవరమూ కూర్చోలేదు.