దీపాల పెట్టెకు పెట్టిన బొట్టు

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన ఆ గుండ్రటి మేడ ఇంకా పరంజాల మధ్యే ఉన్న రోజుల్లో మా పత్రిక సైన్స్ పేజీ పెడదామనుకుంది. డెస్కులో బీఎస్సీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఆ దారిలోనే ఉన్న ఒక పరిశోధనాలయంలో నెల రోజుల శిక్షణకు నన్ను పంపారు. మిగతావాళ్లంతా కాలేజీ లెక్చరర్లు. నాకు జోడీగా అనంతపురం నుంచి వచ్చిన జువాలజీ మేడమ్ కుదిరారు.

ఆమెది నాలాగా చూసిపోయే వ్యవహారం కాదు. తమ కాలేజీలో బయోటెక్నాలజీ కోర్సు పెట్టాలని పట్టుబట్టి వచ్చారు. "మీ చేత్తో తీసిన డీఎన్‌ఏ ఫొటో ఒక్కటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం" అన్నారట ప్రిన్సిపాల్.

పని వినడానికి చిన్నదే. గడ్డకట్టిన సగ్గుబియ్యం జావలాంటి జెల్ పలకకు ఒక అంచున సన్నటి గుంటలుంటాయి. పిపెట్ గొట్టంతో ఆ గుంటలోకి ఒక చిన్న చుక్క వదలాలి. కరెంటు పెడితే డీఎన్‌ఏ జెల్‌లో ముందుకు నడుస్తుంది. ఆ తర్వాత రంగుమందు పట్టించి అతినీలలోహిత దీపాల పెట్టె మీద పెడితే నారింజరంగు గీతై మెరుస్తుంది. మేడమ్ చెయ్యి వణికి, మొదటి రెండుసార్లూ చుక్క గుంటలో దిగకుండా తేలిపోయింది.

"ఇరవై ఏండ్లు కప్పలు కోసిన చెయ్యి ఇది. ఇంత చుక్కకు వణుకుతాందేంది?" అని ఆమె తన చేతినే తిట్టుకున్నారు.

ల్యాబ్ అటెండర్‌ది పుప్పాలగూడ. వయసులో మా అందరికన్నా పెద్ద. "ఊపిరి బిగబడ్తే వణకదా అమ్మా? ఊపిరి ఇడ్సుకుంట చుక్క ఇడువు" అని, పాడైన జెల్లు దాచిపెట్టి మూడు మధ్యాహ్నాలు రంగునీళ్లతో ఆమె చేత సాధన చేయించాడు.

"జర నెమ్మది! బర్రెకు మందు తాపిస్తున్నవా ఏంది?"

"నవ్వించొద్దన్నా, మళ్లీ తేలిపోతుంది!"

ఈలోగా దసరా వచ్చింది. ఆయుధపూజకు అటెండర్ ఫ్రిజ్ మొదలుకొని ప్రతి యంత్రానికీ పసుపు రాసి కుంకుమ పెట్టాడు. దీపాల పెట్టెకు ముఖం దాని అద్దమే కదా అని నడిమధ్యలో బొట్టు పెట్టాడు. పండగ వెళ్లాక అన్నీ తుడిచేశాడు కూడా.

మూడో ప్రయత్నం శిక్షణ ముగిసే ముందురోజు. చుక్క చక్కగా గుంటలోకి దిగింది. కరెంటు పోలేదు. సాయంత్రం చీకటి గదిలో జెల్‌ను పెట్టె మీద పెట్టి, ముఖాలకు ప్లాస్టిక్ తొడుగులు తగిలించుకుని స్విచ్ వేశాం. మేడమ్ గుంటకు ఎదురుగా పెద్ద వెలుగు!

"వచ్చెనమ్మా! ఇగ మిర్చి బజ్జీలు నేనే తెస్త" అని అటెండర్ తలుపు దాకా వెళ్లిపోయాడు.

"ఆగండాగండి" అన్నారు మాకు నేర్పే కాకినాడ మేడమ్. "గీత ఇంత లావుగా ఉంటుందాండీ ఎక్కడైనా?" గ్లౌజు వేసుకున్న వేలితో జెల్‌ను కాస్త పక్కకు నెట్టారు. జెల్ జరిగింది. వెలుగు జరగలేదు.

జెల్ ఎత్తి అద్దం తుడిస్తే దూదికి పసుపు అంటింది. ఆ దీపాల కింద పసుపు మెరుస్తుందట. అందరం పగలబడి నవ్వాం, ఇద్దరు తప్ప. అనంతపురం మేడమ్ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయారు. "నా చేతులిరగ! నా బొట్టే నీ పని ఖరాబు చేసెనా తల్లీ" అన్నాడు అటెండర్.

అద్దాన్ని స్పిరిట్‌తో రుద్ది జెల్ మళ్లీ పెట్టారు. ఇందాక వెలుగు కప్పేసిన చోట సన్నటి నారింజ గీత, స్కేలు పెట్టి గీసినట్టు.

"ఇది పసుపు కాదు కదండీ?" అంటూ మేడమ్ స్టూలు మీంచి లేచి వచ్చారు.

"మీరే జరిపి చూడండి."

ఆమె వేలితో నెట్టారు. గీత జెల్‌తోపాటు జరిగింది. ఇటు నెట్టారు, ఇటు వచ్చింది. అటు నెట్టారు, అటు వెళ్లింది.

"ఇక చాలండీ, నన్ను ఫొటో తీసుకోనివ్వండి" అన్నారు కాకినాడ మేడమ్. అటెండర్ అప్పటికే సైకిలెక్కి బజ్జీల కోసం వెళ్లిపోయాడు.