తెల్ల దుప్పటి మీద బొగ్గు గీతలు: మా ట్రైలర్‌కు సోలార్ ప్యానెళ్లు బిగించిన కథ

ఈ ప్రయాణానికి కారణం కరిగిపోయిన ఐసుముక్కలు. పోయిన ఎండాకాలం నేనూ మా ఆయనా కన్యాకుమారి చూసొద్దామని మా ట్రైలర్‌తో బయలుదేరాం. ట్రైలర్ అంటే పెద్దగా ఊహించుకోకండి, జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న గది. రెండు పరుపులు, ఒక గ్యాస్ పొయ్యి, నా మోకాలెత్తు ఫ్రిజ్. మా ఆయన ముప్పై ఏళ్లు బడిలో భూగోళం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. బెత్తంతో పటం మీద కన్యాకుమారిని ఎన్ని వేలసార్లు చూపించారో గానీ, ఒక్కసారి కూడా వెళ్లలేదు. షుగరు వల్ల రెండు పూటలా ఇన్సులిన్ వేసుకోవాలి. చూపు కూడా మందగించింది కాబట్టి బండి నేనే నడుపుతాను. ఆ ప్రయాణంలో రెండో రోజు మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోయి ఫ్రిజ్ ఆగిపోయింది. దారిలో కొన్న ఐసు కరిగింది, మందు వేడెక్కింది. కొత్త మందు కోసం ఊరుగాని ఊళ్లో మూడు షాపులు తిరిగి, మర్నాడే ఇంటిదారి పట్టాం.

ఇంటికొచ్చాక మా ఆయన ఒక షరతు పెట్టారు. "సరళా, రెండు రోజులు ఎవరింటి కరెంటూ ముట్టకుండా నా మందు చల్లగా ఉంచి చూపించు. చూపిస్తే కన్యాకుమారికి వస్తా. లేకపోతే ఆ డబ్బా అమ్మేద్దాం." డబ్బా అన్నందుకు నాకు మండింది గానీ, ఆ మాట వెనక ఉన్న భయం తెలుసు కాబట్టి ఊరుకున్నాను. మనిషి పైకి కోపంగా కనిపిస్తారు గానీ, దారిలో మళ్లీ మందు లేకుండా ఉండిపోతానేమోనని ఆయన బెంగ.

ట్రైలర్‌కు సోలార్ పెట్టేవాళ్లు తిరుపతిలో దొరకలేదు. ఇళ్ల మిద్దెల మీద పెట్టేవాళ్లు వచ్చి చూసి, నవ్వి వెళ్లిపోయారు. చివరికి ఒక పాలబండి డ్రైవరు చెప్పాడు, వడమాలపేటలో దస్తగిరి భాయ్ అని ఉన్నాడు, బండి ఏదైనా సరే పైన ప్యానెల్ కూర్చోబెడతాడని. ఒక సోమవారం ఉదయం ఏడింటికి తిరుపతిలో బయలుదేరి పుత్తూరు రోడ్డు పట్టాం. జీపు ఒక్కటే అయితే అరగంట, వెనక ట్రైలర్ ఉంటే ముప్పావు గంట వేసుకోండి. దారిలో టీ కోసం ఆగితే ఇద్దరు మనుషులు మా ట్రైలర్‌ను టిఫిన్ బండి అనుకుని ప్లేట్ల కోసం చూస్తూ వచ్చి నిలబడ్డారు. "దోసెలుండాయా అమ్మా?" అని ఒకాయన అడిగాడు. లేవంటే, "మరి బండి ఎందుకు పెట్టినట్టు?" అని విసుక్కున్నాడు. ట్రైలర్‌తో తిరగాలనుకునేవాళ్లు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి.

దస్తగిరి భాయ్‌కి యాభై ఐదేళ్లుంటాయి. వాళ్ల నాయన లారీలకు చెక్క బాడీలు కట్టేవాడట, ఈయన ఇనుములోకి, ఆ తర్వాత సోలార్‌లోకి వచ్చాడు. నేను కొన్న రెండు ప్యానెళ్లూ జీపులోంచి దించి, "ఎక్కడ బిగిస్తారు? సాయంత్రానికి అవుతుందా?" అని అడిగాను. ఆయన వాటివైపు చూడనే లేదు. నిచ్చెనేసుకుని ట్రైలర్ పైకెక్కి, చుట్టూ ఒకసారి చూసి దిగాడు.

"ఈ పొద్దు బిగించేది లేదమ్మా. ఈ పొద్దు సూసేదే పని," అన్నాడు.

"ఏం చూస్తారు?"

"నీడ."

లోపలికెళ్లి ఒక పాత తెల్ల దుప్పటి తెచ్చాడు. మా ట్రైలర్ కప్పు మీద గాలికోసం పెట్టిన మూత ఒకటి, నీళ్ల డ్రమ్ము ఒకటి, మూలన టీవీ యాంటెనా ఉన్నాయి. అవి పైకి వచ్చేట్టు దుప్పటికి కత్తెరతో చిల్లులు పెట్టి, కప్పు మొత్తం పరిచి, అంచులకు ఇటుకలు పెట్టాడు. తొమ్మిదింటికి ఆ మూతా, డ్రమ్మూ, యాంటెనా నీడలు దుప్పటి మీద పడితే వాటి చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. తర్వాత నన్ను పిలిచి, "అమ్మా, బండిని ఉత్తరానికి తిప్పండి," అన్నాడు. తిప్పాను. మళ్లీ గీశాడు. తర్వాత పడమటికి, తర్వాత దక్షిణానికి. పదకొండింటికి మళ్లీ నాలుగు దిక్కులూ, ఒంటిగంటకు, మూడింటికి కూడా అంతే. రివర్స్‌లో ట్రైలర్‌ను తిప్పడం ఎంత చావో చేసినవాళ్లకే తెలుస్తుంది. మనం ఎడమకు తిప్పితే అది కుడికి పోతుంది. పదహారు సార్లు తిప్పేసరికి నా భుజాలు నావి కాకుండా పోయాయి.

"ఇన్నిసార్లు ఎందుకు భాయ్?" అని అడిగితే, "మీరు యాడికి పోతారో, బండి యాపక్కకు నిలబెడతారో నాకేం తెలుసు? నిలబెట్టిన సోటల్లా ఎండ పడాల కదా," అన్నాడు. ఈ పద్ధతి ఎవరు నేర్పారని మా ఆయన అడిగారు. "మా అమ్మీ సార్. రంజాన్‌కు ఇంట్లోనే సేమియా చేసి మిద్ది మీద ఎండేసేది. ట్యాంకు నీడ తగిలిన సేమియా మెత్తబడి బూజు పట్టేది. అందుకని ముందురోజు మిద్ది మీదనే బొగ్గుతో గీసి పెట్టుకునేది."

సాయంత్రం దుప్పటి దించి నేలమీద పరిచాడు. దుప్పటంతా గీతల మీద గీతలు, నల్లటి రెక్కలు అన్ని వైపులకూ విచ్చుకున్నట్టు. మధ్యలో ఒక్కచోట మాత్రం ఒక్క గీత లేదు, తెల్లగా ఖాళీ. ఏ గంటలో, ఏ దిక్కుకు నిలిపినా ఎండ తప్పని చోటు అది. రోజంతా సూర్యుడు మా ట్రైలర్ మీద నడిచిన దారి కళ్లముందు పరిచినట్టయింది. మా ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూశారు. "ఇన్నేళ్లు పిల్లలతో పటాలు గీయించాను భాయ్. ఎండకు పటం గీయడం ఇదే చూడడం," అన్నారు. దారిలోంచి తిరిగొచ్చిన మూడు నెలల తర్వాత ఆయన గొంతులో హుషారు విన్నాను.

మర్నాడు ఆ ఖాళీ చోట్లోనే రెండు ప్యానెళ్లూ బిగించాడు. గాలి ఆడడానికి కప్పుకూ ప్యానెల్‌కూ మధ్య నాలుగు వేళ్ల సందు వదిలాడు. బ్యాటరీ, చార్జింగ్‌ను అదుపు చేసే చిన్న పెట్టె, వైర్లు, ప్యానెళ్లు అన్నీ కలిపి నాకు యాభై ఐదు వేలయింది, భాయ్ కూలి నాలుగు వేలు. పని అయ్యాక ఒక ఫ్యాన్‌ను నేరుగా ప్యానెళ్లకు తగిలించి చూపించాడు. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. రెండు చేతులూ చాచి ప్యానెల్ కింది అంచున పెట్టాడు, అంతే, ఫ్యాన్ నీరసపడి ఆగిపోయింది. చేతులు తీశాడు, మళ్లీ తిరిగింది. మంచం అంత ప్యానెల్‌ను రెండు అరచేతుల నీడ ఆపేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. చిన్నపిల్లలా నేనూ నాలుగుసార్లు చేతులు పెట్టి తీసి చూశాను. బ్యాటరీ ముప్పై శాతానికి దిగితే ఫ్రిజ్ దానంతట అదే ఆగిపోతుందని చెప్పి, దుప్పటి మడతపెట్టి నా చేతికిచ్చాడు.

బుధవారం అసలు పరీక్ష. సత్యవేడు దగ్గర మా ఆయన పాత విద్యార్థి మునిరత్నానికి తోట ఉంది, అక్కడ రెండు రోజులు ఉండాలని అనుకున్నాం. తిరుపతిలో కొత్తగా బండి కొన్నవాళ్లు పూజ చేయించకుండా రోడ్డెక్కరు, మరి నేను ఎక్కుతానా? పొద్దున ఆరున్నరకే కొండ కింద పూజ చేయించాను. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్‌కు దండ అన్నీ అయ్యాయి. అంత డబ్బు పోసి బిగించినవాటిని వదిలేస్తే ఎలా అని నేనే నిచ్చెనెక్కి, ఒక్కో ప్యానెల్‌కూ పసుపు ముద్దగా కలిపి పెద్ద నామాలు దిద్ది, కుంకుమ పెట్టి, కింది అంచు పొడవునా బంతిపూల దండ గట్టిగా కట్టాను. పైనుంచి తిరుమల కొండ కనిపిస్తుంటే దణ్ణం పెట్టుకుని దిగాను. మందు పెట్టిన ఫ్రిజ్ ముందురోజు సాయంత్రం నుంచి నడుస్తోంది, బ్యాటరీ అరవై దగ్గర ఉంది.

పుత్తూరు, పిచ్చాటూరు మీదుగా దాదాపు మూడు గంటల ప్రయాణం. మునిరత్నం రోడ్డు మీదికే ఎదురొచ్చాడు. "రాండి సార్, రాండి! ఈడ నిలబెట్టండమ్మా, ఒక్క సెట్టు నీడ కూడా లేదు, మీరు సెప్పినట్టే సూసి పెట్టినా," అన్నాడు. వాళ్లావిడ రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, వంకాయ కొళంబు పులుసు వడ్డించింది. ఆకు మడిచి లేచి ట్రైలర్‌లోకి వచ్చి చూశాను. పైన నిప్పులు చెరిగే ఎండ, పెట్టె మీద మాత్రం బ్యాటరీ నలభై ఒకటి. ప్యానెళ్ల నుంచి వస్తున్నది పాతిక వాట్లు. మూడువందలు రావాల్సిన చోట పాతిక! ఒంటిగంటన్నరకు ముప్పైతొమ్మిది.

మా ఆయన మెల్లగా ఫ్రిజ్ తెరిచి మందు డబ్బా చేతిలోకి తీసుకుని, "మునిరత్నం ఇంట్లో ఫ్రిజ్ ఉందిగా, అందులో పెట్టిస్తాను. నువ్వు బాధపడకు సరళా, నువ్వు చెయ్యాల్సింది చేశావు," అన్నారు. ఆ ఓదార్పు నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. పది నిమిషాలు ఆగమని బతిమాలి, దస్తగిరి భాయ్‌కి ఫోన్ చేశాను.

"పైకెక్కి సూడండమ్మా. ప్యానెల్ మీద ఏమన్నా ఉండాదా?"

ఎక్కాను. చూశాను. "ఏమీ లేదు భాయ్, అంతా శుభ్రంగా ఉంది."

"ఆకులు, రెట్టలు?"

"ఏమీ లేవు."

"దుప్పటి ఉండాదా? తీసకపోయి పక్కన పరిచి సూడండి. దుప్పట్లో ఖాళీగా ఉండే సోట, ఇప్పుడు పైన ఏముండాదో నాకు ఒక్కొక్కటే సెప్పండి," అన్నాడు.

దుప్పటి పరిచాను. ఆ తెల్ల ఖాళీనీ, ప్యానెళ్లనీ మార్చి మార్చి చూశాను. "ఏముంటుంది భాయ్, పూజ చేసిన పసుపూ కుంకుమా, దండ..." అంటూనే నా నోరు ఆగిపోయింది. ఒక రోజంతా నీడ తప్పించడానికి పదహారు సార్లు బండి తిప్పిన మనిషిని, రెండు అరచేతుల నీడకు ఫ్యాన్ ఆగడం కళ్లారా చూసిన మనిషిని, జానెడు మందాన బంతిపూలు కట్టి, కళ్లముందు పెట్టుకుని ఏమీ లేదంటున్నాను!

అవతల భాయ్ నవ్వలేదు. "పూజ చేసినారా అమ్మా, మంచిదే," అన్నాడు నెమ్మదిగా. "దేవుని దండ తియ్యమని నేను సెప్పేది బాగుండదు. మా షెడ్డులో కొత్త మిషన్‌కు మేం కూడా మల్లెపూలు సుడతాం. సాయంత్రం దాకా ఉంచాలనే ఉంటాది. కానీ సార్ మందు ఉండాది కదమ్మా లోపల."

ఫోన్ పక్కన పెట్టి, కళ్లకద్దుకుని దండలు విప్పాను. రెండు దండలూ ట్రైలర్ తలుపుకు కట్టించాను. ఎండకు ఎండిన పసుపు అంత తేలిగ్గా వదల్లేదు. మునిరత్నం అందించిన చెంబు నీళ్లు పోసి, చేతికి వేరే గుడ్డ దొరక్క ఆ దుప్పటితోనే రుద్దాను. లోపల పెట్టె ముందు కూర్చున్న మా ఆయన అంకెలు చదవడం మొదలుపెట్టారు. "అరవై... నూట పది..." బడిలో హాజరు పిలిచినట్టే పిలుస్తున్నారు. "నూట తొంభై... సరళా, రెండువందల నలభై!" చివరి నామం చెరిగిపోయేసరికి ఆయన కేక పెట్టారు. "రెండువందల తొంభై!" నేను కప్పు మీదే కూలబడి, తడి దుప్పటి ఒళ్లో పెట్టుకుని ఏడ్చేశాను. మునిరత్నం కంగారుగా, "ఏమాయె అమ్మా, కరెంటు కొట్టిందా?" అని కింద నుంచి అరిచాడు.

సాయంత్రం అయిదింటికి బ్యాటరీ ఎనభై. మర్నాడు పొద్దున ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీలు, ఆ మర్నాడూ నాలుగే. మా ఆయన సీసా తీసి నా అరచేతిలో పెట్టారు. చల్లగా ఉంది.

రోజూ నెత్తిన పడే ఎండే కదా అని ఇన్నాళ్లూ తిట్టుకుంటూ గొడుగు వేసుకున్నదాన్ని. ఎక్కడి నుంచో వచ్చిన ఆ వెలుతురు మా కప్పు మీద దిగి, లోపల ఒక చిన్న సీసాను చల్లగా కాపాడుతోందంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఒక అమ్మ సేమియా కోసం మిద్ది మీద గీసుకున్న బొగ్గు గీతలు మా ఆయన మందు దాకా రావడం అంతకంటే పెద్ద ఆశ్చర్యం. మీరు ట్రైలర్‌కు సోలార్ పెట్టిస్తుంటే నేను చెప్పేది ఒక్కటే: బిగించే ముందు ఒక రోజు పోయినా సరే, దుప్పటి పరిచి నీడలు గీసుకోండి. పూజ చేసుకోండి, దండలు మాత్రం తలుపుకు కట్టండి.

ఆ దుప్పటి ఉతకలేదు. గీతలు కొంచెం చెదిరాయి, మధ్యలో తెల్లగా ఉండిన చోటు ఇప్పుడు పసుపుపచ్చగా ఉంది. ఇది రాస్తుంటే మా ఆయన దాన్ని బల్ల మీద పరుచుకుని, పక్కన పాత బడి పటం పెట్టుకుని అడుగుతున్నారు, "సరళా, కన్యాకుమారిలో మన ఇంటిని ఏ దిక్కుకు నిలుపుదాం?"