తిరుత్తణి సిగ్నల్ దాకా పాట

అక్క పోయిందన్న కబురు నా చేతి మీదుగానే వచ్చింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, తిరువళ్ళూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో బోర్డు ముందర కూర్చోనుండాను. తిరుత్తణి లైను దీపం వెలిగింది. తీగ గుచ్చితే ఆ పక్క ఆపరేటరు, "మీ అక్క తెల్లారుజామున పోయిందంట. మూడు దినాల జొరమే. ఆఫీసులో చెప్పేయ్" అనింది. సరి అన్నాను. తీగ పీకినాను. పక్కనే ఇంకో దీపం వెలుగుతా ఉండింది, బియ్యం మండీ ఆయనకి మదరాసు కావాలంట. కలిపినాను. ఆ తర్వాత ఇంకా ఇద్దరికి కలిపి, అప్పుడు లేచి పోయి మేనేజరుకి చెప్పినాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు, దాచిపెట్టేదెందుకు.

ఆమె నాకు తోడబుట్టిన అక్క కాదు. ఎమర్జెన్సీ ముగిసిన ఏడాది నేను ఉద్యోగంలో చేరినప్పుడు, తలకి ఇయర్‌ఫోన్ తగిలించి "భయపడొద్దు మే, కరెంటు కొట్టదు" అని బోర్డు ముందర కూర్చోబెట్టింది ఆమే. ఇద్దరిదీ తిరుత్తణి పక్కే. ఆమెది చెరకు సేద్యం చేసే ఇల్లు, మాది ఊళ్ళోనే. పొద్దున ప్యాసింజరులో పోయి సాయంత్రం ప్యాసింజరులో వచ్చేవాళ్ళం. పదకొండేండ్లు ఆ లేడీస్ పెట్టెలో ఆమె పక్కన కూర్చున్నాను.

ఆ పెట్టెలో ఆమె పాడేది. మీరు భజన అనుకునేరు. భజన చేసే మొగోళ్ళ పెట్టె వేరే ఉండేది, తాళాలూ గంజీరా అన్నీ వాళ్ళవే. అక్క పాడేది ప్రేమపాటలు, ఉత్త సినిమా పాటలు. తిరువళ్ళూరు తాలూకాలో ఫోను ఉండే ప్రతి ఇంటికీ ఆమె గొంతు తెలుసు, కానీ వాళ్ళకి తెలిసింది "నంబరు చెప్పండి" అనే గొంతే. అసలు గొంతు మాకు తెలుసు. సీజన్ టికెట్ పెట్టుకునే ప్లాస్టిక్ కవరుతో కిటికీ కమ్మీ మీద తాళం వేస్తా, ఒక చెవి అరచేత్తో మూసుకొని పాడేది. కరివేపాకు గంపల ఆమె ఒకతె ఉండేది, కడంబత్తూరులో దిగాల్సింది, పాట అయిపోలేదని తిరువళ్ళూరు దాకా వచ్చి టీటీఈతో తిట్లు తినింది. "తిట్టనీలే, ఆయనకేం తెలుసు" అని కొంగు దులుపుకొని పోయింది.

నాకు పాటల పిచ్చి ముందే ఉండేది, వినడం మాత్రం అక్క దగ్గరే నేర్చుకున్నాను. అప్పటిదాకా నాకు ప్రేమపాట అంటే వీణలూ వెన్నెలా. అక్క దృష్టంతా మాట మీద. ఒకే ట్యూను తమిళంలోనూ తెలుగులోనూ ఉంటే రెండూ పాడి చూపించేది. "తమిళంలో పిల్ల బతిమాలతా ఉండాది, తెలుగులో అలిగింది. చూడు, రాగం అదే, పిల్ల వేరే" అనేది. నాకు ఇష్టమైన పాట ఒకటుండేది, ఊరొదిలి పోయే మొగుడికి పెండ్లాం గడపలో నిలబడి పాడేది. అది నేను పాడితే గొంతు వణికించి పాడతానని అక్కకి కోపం. "ఏడుపు పాటని ఏడుస్తా పాడకూడదు మే. పాటే ఏడుస్తాది. మనం కింద గిన్నె పట్టుకోవాల, అంతే." ఇంకొకసారి స్కూలు టీచరమ్మ ఒకామె, "ఈ గొంతుతో దేవుడి పాట పాడితే పుణ్యం గదా" అంటే, "దేవుడికి పాడేదానికి శానామంది ఉండారు టీచర్. మనిషికి మనిషే పాడాల" అనింది. టీచరమ్మ మూతి ముడుచుకుంది గానీ మర్నాడు మళ్ళీ మా పక్కనే కూర్చునింది.

ఇంత చెప్పిన మనిషి ఇంట్లో నోరు తెరవలేదు. కూతుర్ని పెంచేటప్పుడు జోలపాట తప్ప ఇంకేం పాడలేదంట. సాయంత్రం బండి తిరుత్తణి సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి పాట ఎక్కడుంటే అక్కడ తెంపేసేది, మాట మధ్యలో అయినా సరే. కొంగు భుజం చుట్టూ లాక్కొని ఒక లవంగం నోట్లో వేసుకునేది. స్టేషన్ బయట బావ సైకిలు పట్టుకొని నిలబడి ఉంటాడు. ఆమె సంచీ తీసి హ్యాండిలుకి తగిలిస్తాడు. ఆయన సైకిలు తోస్తా ముందర, ఆమె రెండడుగులు వెనక, ఒక్క మాట లేకుండా నడిచిపోతారు. ఎండైనా వానైనా ఆయన రాకుండా ఉండింది నేను చూడలేదు.

"ఒక్కదినం ఇంట్లో పాడి చూడు అక్కా" అని ఎన్ని మార్లు చెప్పినానో. "వద్దు మే. మీ బావకి ఇవి పడవు. మా అత్త బతికుండంగా సంసారి ఇంట్లో ఇదేం పాట అనేది. ఆమె పోయినా ఆ మాట ఇంట్లోనే ఉండాది." నా చేత చేతిలో చెయ్యి వేయించుకునింది, బావకి చెప్పనని.

ఒక ఆడికృత్తిక తిరునాళ్ళకి, కావళ్ళు మోసుకొని కొండకి పోయే జనంలో బండి ఆలస్యమయి అక్క వెనక పడిపోయింది. నేను ముందుగా బయటికొస్తే బావ పలకరించినాడు. సైకిలు బెల్లు తువ్వాలతో తుడుస్తా, తల ఎత్తకుండా అడిగినాడు. "రైల్లో ఆడోళ్ళు పాడతా ఉంటారని ఎవరో చెప్పినారమ్మా. మీ అక్క కూడా పాడతాదా?"

"లేదు బావా. ఆమె ఎక్కంగానే నిద్రపోతాది" అన్నాను.

"ఓహో" అన్నాడు. బెల్లు తుడవడం ఆపలేదు. భలే కాపాడినాను అక్కని అనుకున్నాను. ఆమెకి చెప్తే నా బుగ్గ గిల్లి నవ్వింది కూడా.

కర్మాంతరం అయిన నాలుగో దినం, ఆఫీసులో మిగిలిపోయిన ఆమె శాలువా ఇచ్చి వద్దామని పోయినాను. బావ ఇంట్లో లేడు, చేను దగ్గర ఉండాడు. ఆయిల్ ఇంజను దడదడా కొడతా ఉండింది. చెరకు సాళ్ళకి నీళ్ళు మళ్ళిస్తా ఉండాడు. శాలువా ఇచ్చినాను. ఇంక మోయలేక, ఇంజను మోతకి అరిచి మరీ చెప్పినాను. "బావా, నేను నీకు అబద్ధం చెప్పినాను. అక్క నిద్రపోయేది కాదు. పాడేది. పదకొండేండ్లు దినామూ పాడింది."

ఆయన పార గట్టు మీద పెట్టి కూర్చున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"పెండ్లిచూపుల్లో పాడమన్నారు" అన్నాడు, చేతి బురద గడ్డికి తుడుస్తా. "అందరూ కీర్తన పాడతారు గదా. మీ అక్క ఒక ప్రేమపాట ఎత్తుకునింది. సగంలోనే మా అమ్మ చాల్లే అనేసింది. ఇంటికొచ్చే దావలో ఈ పిల్ల వద్దనింది. ఈ పిల్ల అయితేనే చేసుకుంటా అన్నాను నేను. సరే గానీ ఇంట్లో ఆ పాటలు వద్దనింది అమ్మ, ఒప్పుకున్నాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె మాట. అమ్మ పోయినాక నోరు తెరిచి అడిగేదానికి నాకు సిగ్గు. పాడితే ఆమే పాడతాదిలే అని ఉంటి. పాటలు మరిచిపోయిందేమో అనుకుంటి."

బావకి ఈ పాటలు పడవని అక్క అనుకునేదని నేను చెప్పలేదు. ఆ ఒక్కటి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ సగం పాట మొదటి మాటలు ఆయన ఇంజను మోతలోనే గొంతు పెంచి, రాగం లేకుండా, పేపరు చదివినట్లు చెప్పినాడు. "తక్కినది నీకు వస్తాదా?"

రాకుండా ఎట్లా. రైల్లో ఆమె జాస్తి పాడింది అదే. "వస్తాది బావా. నాది గొంతు కాదు" అన్నాను.

ఆయన లేచి పోయి ఇంజను ఆపినాడు. చెవులు గుయ్యిమన్నాయి. వచ్చి గట్టు మీద శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. నేను నిలబడే పాడినాను, ఆయన ఆపిన చోట ఎత్తుకొని చివరిదాకా. వణకలేదు. కంట్లో తడి లేదు. నా గొంతు నాకే ఎవరిదో మాదిరి వినిపించింది.

అయిపోయినాక ఆయన తల ఎత్తలేదు. "ఇంగోసారి" అన్నాడు.

మళ్ళీ పాడినాను. కాలవలో నీళ్ళు సన్నబడి సన్నబడి ఆగిపోయినాయి. చివరి రెండు సాళ్ళు ఇంకా తడవలేదు. ఆయన లేచి పోయి ఇంజను వేయలేదు.