వంటింటికి తాళం, కణాలకు కర్రీ పాయింట్

2023 ఎండాకాలం. నాచారం పారిశ్రామికవాడలో రెండు మందుల కంపెనీల మధ్య ఇరుక్కున్న చిన్న ఆఫీసు మాది. పరిశోధకులకు కావలసిన జీన్ సైలెన్సింగ్ సరుకు, అంటే జన్యువుల నోరు మూయించే సరుకు, అమ్మడం కంపెనీ పని. ఆ సరుకు పనిచేయట్లేదని ఫోన్ వస్తే తిట్లు తినడం నా పని. దీన్ని మర్యాదగా టెక్నికల్ సపోర్ట్ అంటారు.

మేం ఎక్కువగా అమ్మేది సైఆర్ఎన్ఏ. కణంలో జన్యువు నుంచి ‘ఫలానా ప్రొటీన్ తయారుచెయ్యి’ అని ఒక సందేశం బయలుదేరుతుంది. సైఆర్ఎన్ఏ ఆ సందేశాన్ని దారిలోనే ముక్కలు చేయిస్తుంది. జన్యువు ఎక్కడిదక్కడే ఉంటుంది, దాని మాట మాత్రం కొన్నాళ్లు చెల్లదు. ఆ కొన్నాళ్లలో కణానికి ఏ ఇబ్బంది వచ్చిందో చూస్తే ఆ ప్రొటీన్ ఎందుకుందో తెలుస్తుంది.

రవళి సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి, మాకు దగ్గరలోనే ఒక కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఆమె పట్టుకున్నది ఆస్పరజిన్ సింథటేజ్ అనే ఎంజైమ్‌ను. ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లాన్ని కణాలు ఈ ఎంజైమ్‌తోనే సొంతంగా తయారుచేసుకుంటాయి. తను పరిశోధిస్తున్న క్యాన్సర్ కణాలు ఇది లేకపోతే పెరగలేవని రవళి నమ్మకం. దాన్ని ఆపి చూడటానికి మా సైఆర్ఎన్ఏనే కొంది. ఓ మధ్యాహ్నం ముఖానికి చున్నీ చుట్టుకుని నేరుగా నా టేబుల్ దగ్గరికే వచ్చింది.

“మేడం, మీ సైఆర్ఎన్ఏ ఉత్తదే. కణాలు మస్తుగ పెరుగుతున్నయ్.”

నాకు చురుక్కుమంది. మా సరుకును ఏమన్నా అంటే నన్ను అన్నట్టే.

“ఊకె గట్లనకు. సందేశం తగ్గిందా లేదా కొలిసినవా?”

“కొలిసిన మేడం. బాగనే తగ్గింది. ఎంజైమ్ గూడ తగ్గింది.”

“మరింకేంది? మా పని మేం జేసినట్టే గదా!”

“గదే నా ఖర్మ. ఎంజైమ్ బంద్ అయినా కణాలకు ఫికరే లేదు. ‘దాంతోని పనే లేదు, టాపిక్ మార్చు’ అంటున్నరు మా సార్. వచ్చే నెల సెమినార్. మూడేండ్ల పని మేడం, మల్ల మొదటి నుంచి అంటే నావల్ల గాదు.”

చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంది పాపం. నా కోపం అక్కడే చల్లారింది. “జర టైమియ్యి, ఆలోచిస్త” అన్నాను. ఏం ఆలోచించాలో మాత్రం నాకూ తెలియదు.

ఆ వారమే ఉప్పల్‌లో మా ఇంట్లో ఇంకో గొడవ. మా ఆయన ప్రభాకర్ చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. ఆదివారం చర్చి నుంచి వస్తూ, “ఇంట్ల నీకేం పనుంటది సునీతా? గంట వంట, అంతే గదా” అన్నాడు. అంతే, వంట బంద్ అని ప్రకటించాను. తప్పయిందనే దాకా పొయ్యి వెలగదన్నాను.

బతిమాలతారని చూశాను. ఎవరికి పట్టింది? తండ్రి, పిల్లలిద్దరూ గల్లీ చివరి కర్రీ పాయింట్‌కి పోయి గుత్తి వంకాయ, టమాట పప్పు, చారు కవర్లలో కట్టించుకుని వచ్చారు. మర్నాడూ అంతే. మా చిన్నోడైతే, “మమ్మీ, రేపు గూడ బంద్ పెడ్తవా? గాడ బెండకాయ ఫ్రై మస్తుంటది” అన్నాడు. నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్ల నా వంట ఎవరికీ అక్కర్లేదన్నమాట!

ఆ సాయంత్రం ప్రభాకర్ తీరిగ్గా చారు కవరు ముడి విప్పుతున్నాడు. దాన్నే కోపంగా చూస్తుంటే నాకు రవళి కణాలు గుర్తొచ్చాయి. తెల్లారగానే ఫోన్ చేశాను.

“కణాలను ఏ మీడియంల పెంచుతున్నవ్ రవళీ?”

కణాలకు తిండిగా పోసే ద్రవాన్ని మీడియం అంటారు. ఆమె చెప్పిన మీడియంలో ఆస్పరజిన్ కలిపే అమ్ముతారు.

“నువ్వు వంటింటికి తాళమేసినవ్ బిడ్డా. గల్లీ చివర కర్రీ పాయింట్ తెరిచే ఉంచినవ్. పొద్దుమాపు పార్శిల్ వస్తుంటే వంట బంద్ అయితే ఎవరికి లెక్క?”

“అయ్యో మేడం!” అని ఒకటే నవ్వు.

ఆస్పరజిన్ లేని మీడియం తీసుకొమ్మన్నాను. దాంతోపాటు కలిపే సీరంలోనూ అమైనో ఆమ్లాలుంటాయి కాబట్టి, వాటిని తీసేసిన డయలైజ్డ్ సీరం వాడమన్నాను. వాళ్ల సార్ ‘ఇదే ఆఖరు’ అని ఒప్పుకున్నారట. వారం పైగా నేను ఫోన్ పక్కనే కూర్చున్నాను. ఇంట్లో నా బంద్ నడుస్తూనే ఉంది.

“అక్కా!” అంది ఓ మధ్యాహ్నం. అప్పటిదాకా మేడం అన్న పిల్ల! “సైఆర్ఎన్ఏ ఏసిన కణాలు ఆగిపోయినయ్. కంట్రోల్ కణాలు మంచిగ పెరుగుతున్నయ్.”

కంట్రోల్ అంటే ఏ జన్యువునూ తాకని ఉత్తుత్తి సైఆర్ఎన్ఏ వేసిన కణాలు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, కానీ ఇంకో మెట్టు మిగిలింది.

“ఆగినయ్ సరే. ఇప్పుడు ఆస్పరజిన్ పోసి సూడు. మల్ల లేస్తేనే నమ్ముతం.”

లేచాయి. కణాలను ఆపింది సైఆర్ఎన్ఏ విషమేమీ కాదని, ఆస్పరజిన్ కరువేనని తేలిపోయింది. సెమినార్‌లో వాళ్ల సార్ ‘నేను ముందే అనుకున్న’ అన్నారట. సార్లు ఎప్పుడూ ముందే అనుకుంటారు. రవళి టాపిక్ రవళికే మిగిలింది.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి ‘జన్యువు ఆపినా ఏం కాలేదు’ అంటే, ఆ జన్యువు దండగని ఒప్పుకోను. కణానికి బయటి నుంచి ఏం అందుతోందని మొదట అడుగుతాను.

మా ఇంటి సంగతి చెప్పలేదు కదూ. రవళి కణాలు లేచిన వారాంతమే కర్రీ పాయింట్ ఆయన కూతురి పెళ్లని షట్టర్ దించాడు. ప్రభాకర్ ఖాళీ చేతులతో తిరిగొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. వెనక పిల్లలిద్దరూ.

“సునీతా, నేనన్నది తప్పే. జర పచ్చిపులుసన్న జేస్తవా?”

కణాలైతే లేవడానికి రెండు రోజులు తీసుకున్నాయి. వీళ్లు మొదటి ముద్దకే లేచారు.