బొట్టు లేని వేషం

ఈ రోజు పొద్దున నా భార్య నోటిదాకా వచ్చిన ‘సరే’ అన్న మాటను నేను ఆపేశాను.

కొత్తకోటలో ఉండే మా తమ్ముని కోడలు ఫోనుతో చిన్న సినిమాలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంది. ఈసారి కథలో ఒక ముసలామె మొగుడి శవం పక్కన కూర్చుని శోకం పెట్టాలి. మాట కట్టి, రాగం తీసి ఏడవడంలో మా చుట్టాల్లో నా భార్యను మించినవాళ్లు లేరు. అందుకే ఆ అమ్మాయి వనపర్తిలో మా ఇంటికి బస్సెక్కి వచ్చింది.

“పెద్దత్తా, సాయంత్రం జర రా. నువ్వేడిస్తే రాళ్లు గూడ కరుగుతయి.”

నా భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వింది. నేను అందుకున్నాను.

“నేను బతికుండంగ బొట్టు తీసి ఏడుస్తదా? సిగ్గుండాలె!”

కోడలు తల దించుకుని వెళ్లిపోయింది.

ఇంగ్లిషు మాస్టారుగా రిటైరైన నాకు పాత అమెరికా సినిమాలంటే పిచ్చి. వాటిలో వేసిన ఒక నటి కథ అన్నం తినేటప్పుడల్లా నా భార్యకు చెప్పేవాణ్ని. ఆ నటి నాట్యం చేసే పిల్లగా స్టూడియోలో చేరి, కొన్ని సినిమాల్లో నాయికైంది. వయసు పైబడగానే స్టూడియో పిలవడం మానేసింది. అప్పుడే ఇళ్లలోకి టీవీ వచ్చింది. ఆమె చిన్న వేషమని అలగలేదు. ఒక వారం కౌబాయ్ గుర్రాల కథలో తల్లి, ఇంకో వారం కోర్టులో సాక్షి, మరో వారం ఎవరికో విధవ. ఆ విధవ ఏడుపును ఫోనులో చూపించి, “నటనంటే ఇదీ” అని మురిసిపోయేవాణ్ని.

మధ్యాహ్నం వడ్డిస్తూ నా భార్య అడిగింది.

“ఏమయ్యా, ఆ అమెరికామె మొగుడు అప్పటికి బతికుండెనా?”

“ఉండె.”

“మరి ఆమె బొట్... ఆమెకు బొట్టే లేదాయె. విధవ వేషమేస్తే ఆయన సచ్చిండా?”

నేను అన్నం కలపసాగాను.

“ఆమె ఏడిస్తే నటన, నేనేడిస్తే సిగ్గులేనితనం! బడిల ఒక్కపారి నాటకమేసిన. మల్ల ఎవ్వలు పిల్వలే. ఇయ్యాల పిలిస్తే గిట్ల చేస్తివి.”

పచ్చిపులుసు గిన్నె నా ముందు పెట్టి లోపలికి పోయింది. నేను కంచం పక్కకు జరిపాను. బొట్టు పేరు చెప్పాను గానీ నన్ను పట్టుకున్నది నా చావు భయం.

స్పీకర్ పెట్టి కోడలికి ఫోన్ చేశాను. “తప్పు నాదే బిడ్డా. మీ పెద్దత్తను తోలుకొస్త.”

“మీ మాట చెప్పంగనే శవంగ పండేటాయన గూడ భయపడి ఎల్లిపోయిండు, పెద్దమామా!”

లోపలికి వెళ్లి, “తప్పయింది, పోదాం రా” అన్నాను.

“శవం లేదంట కదా?”

“ఉన్నది,” అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి మీదిదాకా చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం కొత్తకోటలో కోడలి వాకిట్లో, నుదుట రూపాయి బిళ్లతో చాప మీద పడుకున్నాను. నా భార్య బొట్టు తుడుచుకుని పక్కన కూర్చుని రాగమెత్తింది.

“సిగ్గుండాలె అంటివి గదయ్యా... ఇప్పుడు నోరెందుకు లేస్తలేదయ్యా...”

నవ్వాపుకోలేక నా పొట్ట కదిలింది. రూపాయి జారింది. కోడలు మళ్లీ మొదటినుంచి తీస్తానంది.

ఈసారి నేను చచ్చినట్టు పడుకున్నాను.