చేను ఖాళీగా ఉందన్నారు

సెప్టెంబరు 25, మంగళవారం ఉదయం ఏడుంబావుకు పంట నష్టం నమోదు మొదలుపెట్టాము. అప్పుడు నేను ధర్మవరం, ముదిగుబ్బ చుట్టుపక్కల ఒక మండలానికి వ్యవసాయాధికారిని. వానలేక వేరుశనగ పోయింది. మూడో వంతుకు మించి నష్టపోయిన రైతుకే ప్రభుత్వ సాయం అందుతుంది. గ్రామ రెవెన్యూ అధికారితో కలిసి చేను చేనూ తిరిగి, చెట్లు పీకి, కాయలు లెక్కబెట్టి, నష్టం ఎంతో రాయడం నా పని. నిలిచి ఉన్న పంట ఫోటో ఫోన్‌లో ఎక్కితేనే దరఖాస్తు ముందుకు కదులుతుంది.

ఆరో చేను సుంకమ్మది. మూడెకరాలు. భర్త లేడు, ఇరవై రెండు గొర్రెలు ఉన్నాయి. చేలో ఒక్క చెట్టు లేదు. కాయ సరిగా పట్టని చెట్టును ఆకు రాలకముందే పీకి గొర్రెలకు దాచడం ఇక్కడి పద్ధతి. ఆలస్యం చేస్తే కాయా దక్కదు, మేతా దక్కదు. ఆమె తొమ్మిది రోజుల ముందే పీకి గట్టు పక్కన కుప్పగా పేర్చి వామి వేసింది.

"ఏమక్కా, పంట యాడ?" అన్నాడు రెవెన్యూ అధికారి.

"ఆ వామి కనపళ్లేదా అప్పా? మీరొచ్చేదాకా చెట్టుకు కావిలి కూసోవాల్నా? గొర్రెలేం తినల్ల, మీ కాగితాలా?"

అతను నవ్వాడు. ఆమె నా వైపు తిరిగి, "ఈ సాయం రాకుంటే వచ్చే ఏడు ఇత్తనం యాడ తేవల్ల మేడమ్?" అంది.

వామిలోంచి యాభై చెట్లు లాగి లెక్కబెట్టాను. అరవై ఒక్క కాయలు. అందులో నలభై తాలు. వామి ఫోటో, ఐదుగురు ఇరుగుపొరుగు రైతుల సంతకాలు జతచేసి పై అధికారికి పంపాను. ఆయన ఫోన్ చేసి, "ఖాళీ చేనుకు నష్టమని ఎట్లా రాస్తాం మేడమ్? ఆడిట్‌లో అడిగితే మీరొచ్చి చెప్తారా?" అన్నారు. వస్తానన్నాను. ముందు మీరొచ్చి వామి చూడండి, ఇరవై నిమిషాల దారి అని కూడా అన్నాను. రాలేదు. రెండు లేఖలు రాస్తే రెండోదానికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: నిబంధనల్లో లేదు.

సాయం అందే రైతుల జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. సుంకమ్మ పేరు లేదు. పక్క చేను మారుతి పేరు ఉంది. అతను బెంగళూరుకు కూలికి పోయినందున పంట చేలోనే ఎండి నిలిచింది. అతనే నాతో అన్నాడు: "చేను ముఖం చూడని నాకొచ్చె మేడమ్. దినామూ చేన్లోనే ఉన్న అక్కకు రాకపాయ. ఇదేం న్యాయమో మీరే చెప్పల్ల."

ఆ నిబంధన రాసినవారికి వేరుశనగ చెట్టు మనిషికీ గొర్రెకూ కూడా పంటేనని తెలియదు. తెలిసిన నేను ఏం చేశాను? ఫోటో తప్పనిసరి అన్న ఉత్తర్వు 12వ తేదీనే నా బల్ల మీదికి వచ్చింది. ఆఫీసు విషయమే కదా అని ఫైలులో పెట్టాను. సుంకమ్మ పంట పీకింది 16న. మధ్యలో ఒక్కసారి దండోరా వేయించి ఉంటే ఫోటో కోసం నాలుగు సాళ్లు వదిలి మిగతాది పీకేది.

ఉత్తర్వు ఫైలుకెక్కే ముందు రైతు చెవిన పడాలి. ఆ తర్వాత పనిచేసిన ప్రతి మండలంలోనూ ఉత్తర్వు వచ్చిన రోజే దండోరా వేయించాను.

ఆ ఏడాది సుంకమ్మ పోగొట్టుకున్నవి: మూడెకరాల పంట, దానికి రావలసిన సాయం, విత్తనం కొనడానికి సంతలో అమ్మిన పద్నాలుగు గొర్రెలు.